ఉక్కు లోపలి గీతలు – తొమ్మిదో భాగం

నేజ్కా కంప్యూటర్ తెర మీద ఇరవయ్యేడు అన్న అంకె కనబడిన చోట మనం కథ ఆపాం. ఆ అంకె జలవిద్యుత్ కేంద్రానికి వెళ్ళవలసిన పద్నాలుగు టన్నుల ఇరుసుది. దెబ్బ తగిలితే విరక్కుండా ఓర్చుకోవాలంటే ఆ ఉక్కుకి కనీసం అరవై జౌళ్ళ ఓర్పు ఉండాలి. ఇరుసు చివర నుంచి కోసిన కడ్డీలను సుత్తి యంత్రం కింద పెట్టి విరగ్గొడితే ఎనభై ఎనిమిది వచ్చింది. ఇరుసు నడిమధ్య నుంచి తొలిచిన ముక్కను మైక్రోస్కోప్ కింద చూసి, లోపలా బాగానే ఉందని సంతకం పెట్టిన మనిషి హెద్విక పెచోవ్నిక్. రూద్నా ఉక్కు కర్మాగారం ప్రయోగశాలలో ముప్ఫయ్యారేళ్ళుగా ఆమె మాటే చివరి మాట. ఆమె సరేనన్న ఉక్కు ఎక్కడా విరిగినట్టు ఎవరూ చెప్పుకోలేదు. రాజధాని ల్యుబ్లియానా నుంచి వచ్చిన ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల నేజ్కా, హెద్విక తీసిన ఆ బొమ్మనే తన ప్రోగ్రామ్‌కి చూపిస్తే, అది ఇరవయ్యేడు అంది. డైరెక్టర్ బోగొమీర్ తెర వంకా, హెద్విక వంకా చూసి, "ఆ తెర ఆపెయ్యండి. పొద్దున మాట్లాడుకుందాం" అని వెళ్ళిపోయాడు.

పొద్దున ఆరింటికి హెద్విక తలుపు తీసేసరికి నేజ్కా అప్పటికే లోపల ఉంది. వేసుకొచ్చిన కోటు ఇంకా విప్పలేదు.

"కాఫీ తాగావా?"

"తాగానండీ."

"అబద్ధం. కప్పులు నిన్న నేను బోర్లించినట్టే ఉన్నాయి." హెద్విక నీళ్ళు పొయ్యి మీద పెట్టి, సంచీలోంచి అక్రోట్లు చుట్టి కాల్చిన పోతిత్సా రొట్టె తీసి రెండు ముక్కలు కోసింది. పెద్ద ముక్క పిల్ల ముందుకు తోసింది. "తిను. తిన్నాక నాకో సంగతి చెప్పు. నీ యంత్రం నన్ను తప్పు పట్టింది. నువ్వేమంటావ్?"

నేజ్కా ముక్క చేత్తో పట్టుకుందే గానీ తినలేదు. "మీరు తప్పని నేననలేను. అది తప్పని కూడా అనలేకపోతున్నా. మీరిచ్చిన పదకొండు వేల బొమ్మల్లో రెండొందలు పక్కన దాచానండీ. వాటి ఫలితం దానికి చెప్పలేదు. ఉత్త బొమ్మలే ఇచ్చి, ఎంతకి విరుగుతుందో చెప్పమన్నాను. నూట తొంభై ఆరింటికి దగ్గర దగ్గరగా చెప్పేసింది."

"మిగతా నాలుగు?"

"అవి మీరు కాలు విరిగి సెలవులో ఉన్నప్పుడు ఎవరో తీసినవి."

హెద్విక కాఫీ గుటక మింగుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వుతో గదిలో బిగుసుకున్నదేదో కాస్త సడలింది. ఫిబ్రవరిలో ఈ పిల్ల పెట్టెలతో దిగినప్పుడు హెద్వికకి ఒళ్ళు మండింది. ఉక్కు చూడాలంటే కళ్ళుండాలి, కళ్ళకి ఏళ్ళుండాలి అనేది ఆమె. పని లేకుండా కూర్చుంటే చిరాకు పెడుతుందని, అటక మీది పాత బొమ్మల పెట్టెలు ఇచ్చి, అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకోమంది. మూడు నెలలు పడుతుందనుకుంది. పిల్ల ఆరు వారాల్లో ముగించింది. ప్రతి బొమ్మ వెనకా హెద్విక పెన్సిలుతో రాసిన అంకెను కూడా తప్పు పోకుండా ఎక్కించింది. ఆ ఉక్కు ఎంత దెబ్బకి విరిగిందో చెప్పే అంకె అది. ఆ రోజు నుంచి హెద్విక ఆమెను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది.

ఏడింటికి బోగొమీర్ వచ్చాడు. కూర్చోలేదు. చేతిలో ఫైలు ఉంది.

"హెద్వికా, మనిద్దరం ఒకళ్ళకొకళ్ళం కొత్త కాదు. సూటిగా అడుగుతున్నా. ఒప్పందంలో ఏముంది? చివరి నుంచి కడ్డీలు తీసి విరగ్గొట్టమని ఉంది. విరగ్గొట్టాం. ఎనభై ఎనిమిది వచ్చింది. నడిమి ముక్క బొమ్మ తీసి నీ అభిప్రాయం రాయమని ఉంది. రాశావు. ఒప్పందం అయిపోయింది."

"ఒప్పందం అయింది. ఇరుసు సంగతి తేలలేదు."

"గురువారం లారీ వస్తుంది. దానికోసం రోడ్డు మీద రెండు వంతెనల దగ్గర మిగతా బళ్ళు ఆపుతున్నారు. ఇదంతా ఆపి, బొమ్మ చూసి జోస్యం చెప్పే పెట్టెను నమ్మమంటావా?"

"ఇన్నేళ్ళూ నేను చేసింది మాత్రం ఏంటి బోగొమీర్? బొమ్మ చూసి జోస్యం చెప్పడమేగా. నాకు జీతం కూడా ఇచ్చారు."

బోగొమీర్ చెడ్డవాడు కాదు. ఈ లోయలో ఇంకో కర్మాగారం లేదని, ఇది మూతపడితే ఏ ఇంట్లో ఎవరు ఏం చేస్తారో ఒక్కొక్కరి పేరుతో సహా తెలిసినవాడు. అందుకే అతని గొంతు తగ్గింది. "నీ పేరు గురించి చెప్తున్నాను. ఇన్నేళ్ళలో ఒక్క మచ్చ లేదు. సెప్టెంబర్లో రిటైరవుతున్నావు. ఇప్పుడు నీ అంతట నువ్వే వెళ్ళి నేను పొరబడ్డానేమో అంటావా? నీకు నామోషీగా లేదా?"

"ఉంది" అంది హెద్విక. "రాత్రంతా ఉంది. అందుకే విరగ్గొడదామంటున్నాను. నడిమధ్య తొలిచిన కడ్డీ ఇంకా నా బీరువాలోనే ఉంది. మూడు ముక్కలు కోసి విరగ్గొట్టాలంటే మూడు గంటల పని. నేను గెలిస్తే ఈ పిల్ల తన పెట్టెలు సర్దుకుని రైలెక్కుతుంది. అది గెలిస్తే లారీ ఖాళీగా వెళ్తుంది."

"నేను ఒప్పుకోకపోతే?"

హెద్విక అతని చేతిలో ఫైలు తీసుకుంది. పేజీలు తిప్పి తన సంతకం ఉన్న కాగితం వెతికింది. సంతకం మీద అడ్డంగా ఒక గీత గీసింది. పక్కన ఆ రోజు తేదీ వేసింది. తొందర లేకుండా, రోజూ చేసే పనిలా చేసింది. ఫైలు మూసి తిరిగిచ్చింది.

నేజ్కా కుర్చీలోంచి లేచి నిలబడింది. తెర మీద ఒక అంకె చూపించిన తను కాక, ఆ అంకె కోసం తన ముప్ఫయ్యారేళ్ళ పేరుని పందెం పెట్టిన ఈ మనిషి ముందుకు నడుస్తోందని ఆ పిల్లకి అప్పుడు తెలిసింది.

"నేను తప్పైతే, హెద్వికమ్మా..." అని మొదలుపెట్టింది.

"నువ్వు తప్పైతే నేర్చుకుంటావు. నేను తప్పైతే నేనూ నేర్చుకుంటాను. పద, బీరువాలో కడ్డీ బరువు, పట్టుకో."

పదింటికి మాలిత్సా గంట, అంటే పొద్దుటి తిండికి పని ఆపే గంట, మోగింది. క్యాంటీన్ నుంచి బార్లీ, చిక్కుడు గింజల పులుసు వాసన వరండాలోకి వచ్చింది. ప్రయోగశాల వాళ్ళెవరూ కదల్లేదు. సుత్తి యంత్రం చూసే లేనార్ట్ మూడు చిన్న కడ్డీలు బల్ల మీద వరసగా పెట్టాడు. ఒక్కోటి వేలంత పొడుగు. మధ్యలో సన్నని గాటు. లేనార్ట్‌ది హెద్విక వయసే. ఆమె అంచనా మీద పందెం కాసి అతను తాగిన బీర్లకు లెక్క లేదు.

"నేను నీ పక్షమేనే హెద్వికా" అన్నాడు. "చెప్పు, ఎంత?"

"డెబ్భై" అంది హెద్విక. నమ్మే అంది. ఆ ముక్కను ఆమె మళ్ళీ పొద్దున ఎనిమిదింటికి చూసింది. రేణువులు సన్నగా, పొందికగా ఉన్నాయి. చెత్త లేదు, పగుళ్ళు లేవు. ఇలాంటి బొమ్మ కనబడిన ప్రతిసారీ డెబ్భై పైనే వచ్చింది.

"నీ పెట్టె ఏమంటోంది పిల్లా?"

"ఇరవయ్యేడు."

"మధ్యలో బోలెడంత ఖాళీ ఉంది. డైరెక్టర్ గారూ, మీరెక్కడ నిలబడతారు?"

బోగొమీర్ చెయ్యి ఊపి కానిమ్మన్నాడు.

లేనార్ట్ మొదటి కడ్డీ పీటల మీద పెట్టి, అందరినీ వెనక్కి జరగమని, పిడి లాగాడు. సుత్తి పై నుంచి ఊగుతూ దిగింది. మంచి ఉక్కుని కొట్టినప్పుడు గింజలు నిండిన బస్తాని గుద్దినట్టు మొద్దు చప్పుడొస్తుంది. సుత్తి అవతలికి ఈడ్చుకుంటూ, అలిసిపోయినట్టు ఎక్కుతుంది. ఇప్పుడు గాజుగ్లాసు బండ మీద పడ్డట్టు చప్పుడైంది. సుత్తి ఏదీ అడ్డం లేనట్టే అవతలికి ఎగిసింది. కడ్డీ రెండు ముక్కలై చెరో మూలకీ ఎగిరింది.

లేనార్ట్ ముల్లు దగ్గరికి వంగి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ఇరవై తొమ్మిది."

రెండోది ఇరవయ్యైదు. మూడోది ఇరవై ఎనిమిది.

మూడింటి సగటు ఎవరికి వాళ్ళు మనసులో వేసుకున్నారు. ఇరవయ్యేడుకి వెంట్రుకవాసి దూరం. నేజ్కా మొహంలో గెలుపు ఛాయలు కూడా లేవు. తన యంత్రం పని చేసిందని సంతోషించాల్సిన పిల్ల, తప్పు తనే చేసినట్టు హెద్విక వంక చూస్తోంది.

హెద్విక వంగి ముక్కలు ఏరుకుంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి విరిగిన మొహాలు వెలుతురుకి తిప్పింది. మంచి ఉక్కు విరిగిన చోట చెరకు పిప్పిలా బూడిద రంగులో నారనారగా ఉంటుంది. ఇది పటికబెల్లం గడ్డ పగిలినట్టు తళతళ మెరుస్తోంది. ఉక్కు రేణువుల మీదుగా చీలలేదు. ఒక రేణువుని ఇంకో రేణువు వదిలేసినట్టు, వాటి సరిహద్దుల వెంబడే విడిపోయింది.

"ఈ మెరుపు నేను చదువుకునే రోజుల్లో ఒకసారి చూశాను" అంది నెమ్మదిగా. "నేజ్కా, ఇలా రా. నేను ఆ బొమ్మలో రేణువులు చూశాను, చెత్త చూశాను, పగుళ్ళు చూశాను. నీ యంత్రం ఏం చూసి ఇరవయ్యేడు అంది? అది చెప్పగలదా?"

"మాటల్లో చెప్పలేదండీ. కానీ ఎక్కడ చూసిందో చూపిస్తుంది."

నేజ్కా అదే బొమ్మ తెర మీదికి తెచ్చింది. ఆ ప్రోగ్రామ్‌కి ఏ భాగం ముఖ్యమనిపించిందో అక్కడ ఎరుపు పడేలా ఏదో నొక్కింది. హెద్విక చూపు ఎప్పుడూ నిలిచే చోట్లన్నీ నీలంగా, చల్లగా ఉండిపోయాయి. ఎరుపు సన్నటి దారాల్లా పాకింది. బొమ్మంతా వలలా అల్లుకుంది. హెద్విక కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, తెరకి జానెడు దూరంలో మొహం పెట్టి చూసింది. ఆ ఎర్ర దారాల కింద అసలు బొమ్మలో ఏమీ లేదు. ఉంటే, ఒక నీడ. చెరిపేసిన పెన్సిలు గీతంత.

ఆమె మూల బీరువా దగ్గరికి వెళ్ళింది. కింది అరలోంచి ఒక సీసా తీసింది. లోపల తడి పసుపు ముద్దలాంటిది ఉంది. "పిక్రిక్ ఆమ్లం" అంది. "ఎండితే పేలుతుంది. అందుకే పదేళ్ళుగా దీని జోలికి ఎవరూ పోలేదు. నీళ్ళు మాత్రం నేను మానకుండా పోస్తూ వచ్చాను. రోజూ వాడే నైట్రిక్ ఆమ్లం రేణువుల్ని చూపిస్తుంది. ఇది సరిహద్దుల్నే కొరుకుతుంది. అదీ సరిహద్దుల్లో ఉండకూడనిది చేరితేనే."

ముక్కను మళ్ళీ అద్దంలా నునుపు చేసింది. ఆ చేతులు పని చేస్తుంటే లేనార్ట్ కూడా చెప్పే జోకు సగంలో ఆపేశాడు. పసుపు ద్రావణంలో నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి, ముక్కని అందులో ముంచి, గోడ గడియారం కింద కూర్చుంది. పావుగంట. బోగొమీర్ వెళ్ళిపోతాడనుకున్నారు. వెళ్ళలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

కడిగి, ఆరబెట్టి, మైక్రోస్కోప్ కింద పెట్టి, హెద్విక కన్ను ఆనించింది. చాలాసేపు తియ్యలేదు.

"చూడు" అని పక్కకి జరిగింది.

నేజ్కా చూసింది. పొద్దున దాకా కడిగిన ఆకాశంలా ఉన్న ఉక్కు, ఎండిన రేగడి నేల బీటలు వారినట్టు నల్లని గీతలతో నిండిపోయింది. ప్రతి రేణువు చుట్టూ ఒక గీత. తెర మీద ఎర్ర దారాలు ఎలా పాకాయో, ఇవీ అలాగే ఉన్నాయి.

"ఉక్కుని పదును పెట్టాక మళ్ళీ ఆరొందల డిగ్రీలకి కాస్తాం కదా" అంది హెద్విక, బోగొమీర్‌కి కూడా వినబడేలా. "అక్కణ్ణుంచి గబగబా చల్లార్చాలి. మెల్లగా చల్లారితే లోపల ఉన్న కాస్తంత భాస్వరం తీరిగ్గా నడుచుకుంటూ సరిహద్దులకి చేరుతుంది. చేరి జిగురు ఊడగొడుతుంది. ఇరుసు చివర సన్నం, తొందరగా చల్లారింది. అందుకే ఎనభై ఎనిమిది. నడుము లావు. గట్టిదనం కొలిస్తే తేడా తెలీదు. సాగదీసి చూసినా తెలీదు. నా ఆమ్లానికి నీడ మాత్రం పడింది. ఆ నీడ ముప్ఫయ్యారేళ్ళుగా నా కళ్ళ ముందే అప్పుడప్పుడూ పడుతూ ఉండుంటుంది. నేను మురికనుకుని ఉంటాను."

ఆమె గొంతులో బాధ లేకపోలేదు. కానీ దాన్ని మించింది ఇంకొకటి ఉంది. అరవై రెండేళ్ళ వయసులో, తనకు తెలిసిపోయిందనుకున్న ఉక్కు మళ్ళీ కొత్త మొహం చూపించింది. ఈ ప్రయోగశాలలో మొదటిసారి మైక్రోస్కోప్‌లో చూసిన ఇరవయ్యారేళ్ళ పిల్లలా ఆమె చెంపలు ఎర్రబడ్డాయి.

"నీ యంత్రం గట్టిదే నేజ్కా. నా కన్నా మంచి కళ్ళు దానివి."

"కాదండీ." ఈ పిల్ల ఎవరి మాటకీ ఇంత గట్టిగా అడ్డు చెప్పడం ఆ గదిలో ఎవరూ వినలేదు. "మీకు చెప్పాలనుకుంటూనే ఉన్నాను. ఇక్కడికి రాకముందు ఇదే ప్రోగ్రామ్‌కి ఇంకో రెండు ప్రయోగశాలల బొమ్మలతో నేర్పించి చూశాను. ఏడాది కష్టపడ్డాను. ఏమీ నేర్చుకోలేదు. ఒకళ్ళు ఆమ్లంలో అయిదు సెకన్లు ముంచుతారు, ఒకళ్ళు ఇరవై. ఒకరోజు వెలుతురు ఎక్కువ, ఒకరోజు తక్కువ. ఏది ఉక్కో, ఏది చేతివాటమో దానికి తెలిసేది కాదు. మీ బొమ్మలు పదకొండు వేలు. అన్నీ ఎనిమిది సెకన్లే. అదే దీపం, అదే నునుపు. ముప్ఫయ్యారేళ్ళలో మీ చెయ్యి ఒక్క రోజు కూడా మారలేదు. నీడ నీడగా కనబడాలంటే మిగతాదంతా కదలకుండా ఉండాలి కదండీ. అది మీ చెయ్యి. దాని కళ్ళు చేసింది మీరే."

లేనార్ట్ దగ్గి, కిటికీలోంచి బయటికి చూశాడు. హెద్విక తన చేతుల వంక చూసుకుంది. ఆమ్లం తగిలి గోళ్ళ చివర పసుపు పట్టిన చేతులు. వాటిని కోటు జేబుల్లో పెట్టుకుంది.

"పోతిత్సా ఇంకో ముక్క ఉంది, తిను" అంది.

బోగొమీర్ లేచాడు. మొహం పాలిపోయినా, మాట కుదురుగానే ఉంది. "నువ్వు సంతకం కొట్టేస్తుంటే నాకు కోపమొచ్చింది హెద్వికా. ఇప్పుడు నీకు దండం పెట్టాలనుంది. లారీ వద్దని చెప్తాను. మార్చి ఆఖర్లో చల్లార్చే పంపు ఒకటి ఆగిపోయిందని రిపోర్టు వచ్చింది. గంటలో బాగు చేశామన్నారు. గంట కాదన్నమాట. ఆ ఇరుసుని మళ్ళీ కాచి సరిగా చల్లారిస్తే బాగవుతుందా?"

"అవుతుంది. ఈ జబ్బుకి మందు అదే. మళ్ళీ ఆరొందలకి కాచి, ఈసారి నీళ్ళు తగ్గకుండా చల్లార్చాలి."

గది ఊపిరి పీల్చుకుంది. లేనార్ట్ పులుసు చల్లారిపోతుందని గొణుగుతూ చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. నేజ్కా మాత్రం కదల్లేదు. హెద్విక తెరిచి వదిలేసిన బీరువా ముందు నిలబడి ఉంది.

"హెద్వికమ్మా, ఆ మార్చి తేదీతోనే ఇంకో నడిమి కడ్డీ ఉంది ఇక్కడ. ఒకటో నంబరు అని రాసుంది. మనం విరగ్గొట్టింది రెండో నంబరు."

"రెండూ జంట ఇరుసులు. ఒకే కొలిమిలో పక్కపక్కన పెట్టి కాచారు" అంటూనే హెద్విక ఆగిపోయింది.

నేజ్కా అప్పటికే తెర ముందు కూర్చుంది. ఒకటో నంబరు బొమ్మ ఏప్రిల్‌లో హెద్విక తీసిందే. పెట్టెలో పడి ఉంది, ప్రోగ్రామ్‌కి ఇంతవరకూ ఎవరూ చూపించలేదు. అరనిమిషం పట్టింది. అంకె పడింది.

పంతొమ్మిది.

"ఒకటో నంబరు ఎక్కడుంది?" అంది నేజ్కా.

బోగొమీర్ తలుపు గొళ్ళెం పట్టుకుని నిలబడిపోయాడు. "మే నెలలో పంపేశాం. బిగించడం కూడా అయిపోయింది. ఇవాళే నీళ్ళు వదిలి టర్బైను చక్రం తిప్పి చూస్తామన్నారు. నన్నూ పిలిచారు, ఈ గొడవలో వెళ్ళలేదు." గోడ గడియారం వంక చూశాడు. "పదకొండున్నరకి."

పదకొండూ ఇరవై ఆరు.

హెద్విక ఫోను అందుకుంది. విద్యుత్ కేంద్రం నంబరు గోడ మీద కాగితంలో ఉంది. నేజ్కా ఒక్కొక్క అంకే చదివింది. నాలుగుసార్లు మోగింది. అయిదోసారి ఎవరో ఎత్తారు. గొంతు వెనక జనం మాటలు, చప్పట్లు, వాటన్నిటి అడుగున నేల అదిరినట్టు ఏదో హోరు.

"నేను రూద్నా నుంచి హెద్విక పెచోవ్నిక్‌ని. మీ ఇంజనీరుని పిలవండి. ఆ చక్రం తిప్పొద్దని చెప్పండి. వింటున్నారా? తిప్పొద్దు."

"కాస్త గట్టిగా చెప్పండమ్మా" అంది అవతలి గొంతు హుషారుగా. "ఏమీ వినపడట్లేదు. మేమంతా చక్రం పక్కనే ఉన్నాం. అయిదు నిమిషాలు ముందే నీళ్ళు వదిలేశారు."